ముప్పయ్యైదు అంగుళాల అబద్ధం

"తమ్ముణ్ని నేనే చంపాను. రాసుకోండి."

ఆ మాట అన్న మనిషి ఏడవలేదు, అరవలేదు. మంచినీళ్లు కావాలా అంటే వద్దన్నంత మామూలుగా అన్నాడు. బ్రేకులమ్మకు ఒళ్లు మండిపోయింది. పొద్దున్నే ఇతని భార్య ఆఫీసు గుమ్మంలో కూలబడి, మా ఆయన చీమకు కూడా హాని చెయ్యడమ్మా, ఎలాగైనా బయటపడెయ్యండి అని చేతులు పట్టుకుని వదల్లేదు. తీరా స్టేషనుకొచ్చి చూస్తే ఈ మహానుభావుడు తన మెడకు తనే ఉరి బిగించుకుంటున్నాడు. మధ్యాహ్నం కోర్టు. అక్కడ కూడా ఇదే మాట అన్నాడంటే ఇక ఎవరొచ్చినా చేసేదేమీ లేదు.

బ్రేకులమ్మ అన్నది ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదని వేరే చెప్పనక్కర్లేదు. రవాణా ఆఫీసులో బళ్లు తనిఖీ చేసే రోజుల్లో, స్వయంగా ఎక్కి బ్రేకు తొక్కి చూస్తే తప్ప ఏ బండినీ గేటు దాటనిచ్చేది కాదు. లారీ డ్రైవర్లు తిట్టుకుంటూ పెట్టిన పేరది. ఉద్యోగం వదిలేసి డిటెక్టివ్ అయినా పేరు మాత్రం ఆమెను వదల్లేదు.

"ఎలా చంపారు మేస్త్రీ?" అంది కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.

"మొండితనంతో."

"మొండితనంతో ఎవరూ చావరు. నాకు అర్థమయ్యేలా చెప్పండి."

మెకానిక్కు మేస్త్రి బేడీలున్న చేతులు బల్ల మీద పెట్టుకున్నాడు. గోళ్ల చుట్టూ గ్రీజు ఇంకా నల్లగానే ఉంది.

"వాడు కొండదారుల్లో పోటీలకెళతాడమ్మా. ఈసారి వాడికి ముప్పయ్యైదు అంగుళాల టైర్లు కావాలి. నేను ముప్పైమూడు చాలన్నాను. పొడుగు స్ప్రింగులేసి బండిని రెండంగుళాలు లేపాను. దానికి ముప్పైమూడు టైరు అతికినట్టు సరిపోతుంది. ముప్పయ్యైదు వెయ్యాలంటే నాలుగంగుళాలు లేపాలి. లేకపోతే స్టీరింగు తిప్పినప్పుడల్లా టైరు పోయి మడ్‌గార్డుకు తగులుతుంది."

"మరి ఆ నాలుగూ లేపచ్చుగా. మీకేం పోయింది?"

"బండి ఎత్తు పెరిగేకొద్దీ తొందరగా బోల్తా పడుతుంది. పైగా వాడు మలుపుల్లో ఆగే రకం కాదు. అందుకే వద్దన్నాను. వాడు వింటేనా. రాళ్ల మీద బండి పొట్ట తగులుతోంది అన్నయ్యా, ఎత్తు చాలట్లేదన్నయ్యా అని ఒకటే గోల. షాపులో అందరి ముందూ ఇద్దరం నోళ్లు పారేసుకున్నాం. చివరికి నేను..." మేస్త్రి ఆగాడు. "నీ ఇష్టమొచ్చిన టైర్లేసుకుని ఎక్కడైనా పడి చావరా అన్నాను. పుట్టినప్పట్నుంచీ నా మాట ఒక్కటీ వినలేదు వెధవ. అదొక్కటీ విన్నాడు."

బ్రేకులమ్మ కుర్చీలో ముందుకు జరిగింది.

మిగతా కథ ఆమెకు తెలిసిందే. మర్నాడు తమ్ముడు ప్రాక్టీసుకని కొండ మీదికి వెళ్లాడు, తిరిగి రాలేదు. ఆ మర్నాడు అతని బండి మోకాలి మలుపు కింద లోయలో కనిపించింది. లోయ అడుగున ఏరు. శవం దొరకలేదు, కొట్టుకుపోయి ఉంటుందన్నారు. బండికి నాలుగూ ముప్పయ్యైదు అంగుళాల టైర్లే.

"ఎక్కడో వేయించుకున్నాడు, నేను లేపిన ఆ రెండంగుళాల లిఫ్టు మీదే. మలుపులో టైరు ఇరుక్కుని ఉంటుంది, స్టీరింగు పట్టేసి ఉంటుంది. పంతానికి పోకుండా నేనే ఆ నాలుగంగుళాలూ లేపిచ్చుంటే ఇవాళ ఇంట్లో ఉండేవాడు. చంపడమంటే ఇంకెలా ఉంటుంది చెప్పండి."

మాట్లాడుతున్నంతసేపూ అతని చేతి బేడీ బల్ల ఇనపఅంచుకు మధ్యమధ్య ఒక్కసారి టక్కుమని తగిలేది. వెంటనే అతను మాట ఆపి, చెవులు రిక్కించి, మళ్లీ మొదలుపెట్టేవాడు. మూడోసారికి బ్రేకులమ్మ ఊరుకోలేకపోయింది.

"ఏంటది, ఎవరికోసం కొడుతున్నారు?"

మేస్త్రి తన చేతిని తనే కొత్తగా చూసుకున్నాడు. "అలవాటమ్మా. షాపులో కంప్రెసర్ మోతకు అరిచినా వినపడదు. బండి కింద దూరినవాడు స్పానరుతో మూడుసార్లు కొడతాడు. 'దించకు, నేనింకా కిందే ఉన్నాను' అని. పైనున్నవాడు ఒకసారి కొడతాడు. 'విన్నాను, పైన నేనే ఉన్నాను' అని. వాడు నిక్కర్లేసుకునే వయసు నుంచీ మా ఇద్దరికీ అదే భాష. వాడు పోయినప్పట్నుంచీ చెయ్యి దానంతటదే కొట్టేస్తోంది. పిచ్చి."

"మీరిద్దరూ గొడవపడినప్పుడు షాపులో ఎవరెవరున్నారు?"

"మా పనివాళ్లు. ఇంకా క్రేన్ కొక్కెం బాబాయ్ ఉన్నాడు, తన బండి స్ప్రింగు చూపించుకోడానికొచ్చి. పాపం మధ్యలో దూరి విడదీసింది ఆయనే. బండి లోయలో ఉందని మాకు చెప్పిందీ ఆయనే, పైకి తీసిందీ ఆయనే. ఇక్కడ లోయలో ఏ బండి పడ్డా కనిపెట్టి తీసేదీ, ఇన్సూరెన్సు కాగితాలు చేయించేదీ ఆయనే. ఆయన రుణం..."

"అయిందా మరదలా?"

తలుపు దగ్గర ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. బ్రేకులమ్మ అక్క మొగుడు. పెళ్లయిన కొత్తలో మరదలికి చదరంగం నేర్పబోయి వరసగా ఓడిపోయాడు. అప్పట్నుంచీ ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

"ఇంకా కాలేదు బావా."

"స్టేషన్లో బావేంటి, నలుగురూ వింటారు. ఇన్‌స్పెక్టరు గారూ అను."

"అలాగే. ఇన్‌స్పెక్టరు గారూ, ఆ బండిని నేను చూడాలి."

"నేను చూశాను చాలు. చిన్న లిఫ్టు, పెద్ద టైరు. మలుపులో ఇరుక్కుంది, పడింది. 'పడి చావు' అన్నమాటకు సాక్షులున్నారు. పైగా పెద్దమనిషి తనే ఒప్పుకుంటున్నాడు. ఇంకా నీకెక్కడ దురద?"

"అంత తేలిగ్గా ఒప్పుకున్నాడే, అక్కడ. వేరేచోట వేయించుకున్నాడని ఇతను ఊహిస్తున్నాడు. వేసిన షాపు ఏది? ముప్పయ్యైదు టైర్లు ఏ పాన్‌షాపులోనో దొరికేవి కావు. వెతికించావా?"

"కోర్టయ్యాక వెతికిస్తా."

"ముందు మనిషిని లోపలెయ్యి, తర్వాత కారణం వెతుకు. బాగుంది బావా నీ పద్ధతి. అక్కకు ఫోన్ చేసి చెప్పనా, బావ పని ఎంత చక్కగా చేస్తున్నాడో?"

ఇన్‌స్పెక్టరు మీసం కింద ఏదో గొణుక్కున్నాడు. అక్క పేరు చెబితే అతనికి కాళ్లూ చేతులూ ఆడవన్న సంగతి బ్రేకులమ్మకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"ఒక్క గంట. అంతకు మించితే నా మీద ఒట్టు, నిన్ను స్టేషను మెట్లెక్కనివ్వను."

"మేస్త్రి కూడా రావాలి. ఆ స్ప్రింగులు తనవేనో కాదో చెప్పేది అతనే."

*

స్టేషన్లో చోటు లేదు. అందుకని లోయలోంచి తీసిన బండిని తీసినవాడి యార్డులోనే ఉంచేశారు. తప్పంతా అక్కడే ఉందని తర్వాత ఇన్‌స్పెక్టరు ఒప్పుకుంటాడుగానీ, అప్పటికి అదెవరికీ తప్పుగా అనిపించలేదు.

కొక్కెం బాబాయ్ గేటు దగ్గరే ఎదురొచ్చాడు. వయసు మళ్లిన మనిషి. ముఖం నిండా నవ్వు, చేతిలో చల్లటి నీళ్ల సీసాలు. "రండి మేడమ్, ఎండలో వచ్చారు. మేస్త్రీ, ఎలా ఉన్నావయ్యా? ధైర్యంగా ఉండు, మేమంతా లేమూ?" అంటూ మేస్త్రి భుజం తట్టాడు. మేస్త్రి కళ్లల్లో అప్పుడు మొదటిసారి నీళ్లు తిరిగాయి.

యార్డు వెనక చివర పాత లారీ టైర్లు మనిషెత్తు గుట్టగా పడున్నాయి. దాని పక్కన కంప్రెసర్ ఒకటి ఆగకుండా దడదడలాడుతోంది. మధ్యలో పాత క్రేను. దాని కింద నేల మీద తమ్ముడి బండి. ముందు భాగం నుజ్జయింది, టాపు ఒకవైపు కుంగింది. నాలుగు టైర్లు మాత్రం పెళ్లికొడుకుల్లా నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఒకటి పగిలింది, మిగతా మూడూ దిట్టంగా ఉన్నాయి.

బ్రేకులమ్మ ముందు డ్రైవరు సీటులోకి తొంగి చూసింది. అద్దం ముందు కెమెరా పెట్టే స్టాండు బిగించి ఉంది. కెమెరా లేదు.

"ప్రతి పరుగూ వీడియో తీసుకునేవాడు," అన్నాడు మేస్త్రి. "తర్వాత కూర్చుని ఎక్కడ తప్పు చేశాడో చూసుకునేవాడు."

"లోయలో ఎక్కడో పడిపోయుంటుంది," అన్నాడు కొక్కెం బాబాయ్ వెనకనుంచి.

స్టాండు చెక్కుచెదరలేదు. పట్టే మర కూడా విరగలేదు, విప్పి ఉంది. బ్రేకులమ్మ ఆ మాట పైకి అనలేదు. సంచీలోంచి గాలి కొలిచే గేజీ తీసి, ముందు టైరు దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. కొలిచింది. రెండో టైరుకు వెళ్లింది. మూడోది కూడా కొలిచింది. లేచి నిలబడింది.

"మేస్త్రీ, మీ తమ్ముడు రాళ్లదారి ఎక్కేముందు టైర్లను ఏం చేస్తాడు?"

"గాలి తీసేస్తాడు. కొండ మొదట్లో ఆగి నాలుగు టైర్లలోనూ సగానికి పైగా తీసేస్తాడు. గాలి తగ్గితే టైరు మెత్తబడి రాయిని కరుచుకుంటుంది. నిండా ఉంటే బంతిలా ఎగిరిపడుతుంది."

"తియ్యకుండా ఎప్పుడైనా ఎక్కాడా?"

"అన్నం తినకుండా నిద్రపోతాడుగానీ, గాలి తియ్యకుండా కొండెక్కడమ్మా."

"ఈ మూడింట్లోనూ మంచి రోడ్డు మీద వెళ్లడానికి పెట్టినంత గాలి ఉంది. ఏమాత్రం తగ్గలేదు."

మేస్త్రి తనే వంగి టైరును బొటనవేలితో నొక్కి చూశాడు. ఇన్‌స్పెక్టరు మాత్రం చేతులు కట్టుకున్నాడు. "కొత్త టైర్ల మోజులో మర్చిపోయుంటాడు. దానికే ఇంత హడావుడా?"

"సరే బావా, అయితే ఎక్కు."

"ఎక్కడికి?"

"డ్రైవరు సీట్లోకి. నువ్వు చెప్పిన కథే చేసి చూపించు. స్టీరింగు తిప్పు."

కానిస్టేబుళ్లు చూస్తున్నారు, తప్పించుకునే దారి లేదు. ఇన్‌స్పెక్టరు టోపీ తీసి, కుంగిన టాపు కింద ఎలాగో ఒదిగి కూర్చుని స్టీరింగు పట్టుకున్నాడు. ఇంజను ఆడని బండి, పైగా అంతలావు టైర్లు. పళ్లు బిగించి లాగితేగానీ కదల్లేదు. ముఖమంతా చెమట. పావువంతు తిరిగిందో లేదో, ముందు టైరు అంచు పోయి మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ తొడుగుకు బర్రుమని తగిలి ఆగిపోయింది.

"చూశావా?" అన్నాడు విజయగర్వంతో. "నేను చెప్పిందీ అదేగా. ఇరుక్కుంది."

"చూశాను. ఇప్పుడు నువ్వు దిగి చూడు."

ఇన్‌స్పెక్టరు దిగి వంగాడు. బ్రేకులమ్మ టార్చి వేసింది. తొడుగు మీద నల్లటి కొత్త గీత ఒకటి పడింది. దాని చుట్టూ అంతా చెక్కుచెదరకుండా ఉంది. ఎప్పటిదో పలచటి ఎర్రమట్టి పొర ఎండిపోయి, వేలితో రాస్తే రాలేట్టు అలాగే అంటుకుని ఉంది.

"ఇది ఇప్పుడు నువ్వు పెట్టిన గీత. ఇంకోటి చూపించు."

అతను రెండువైపులా వెతికాడు. లేదు.

"పావువంతు తిప్పితే తగిలే టైరు, షాపు నుంచి ఆ మలుపు దాకా ఎన్నిసార్లు తగలాలి? సందు తిరగాలి, సెంటరు తిరగాలి, కొండ మీద అడుగడుక్కీ మలుపే. ఆ తొడుగు అరిగి చిల్లులు పడి పీలికలై ఉండాలి బావా. ఈ మట్టి పొర కూడా చెదరలేదు. వంకర్లన్నీ తగలకుండా తిరిగి, సరిగ్గా మోకాలి మలుపు దగ్గరే తగిలిందా? టైరుకు అంత జ్ఞానమా?"

ఇన్‌స్పెక్టరు తొడుగును మరోసారి వేలితో రాసి చూశాడు. అతను తెలివితక్కువవాడు కాదు, తొందర మనిషి. ముఖం మీది నవ్వు మెల్లగా ఆరిపోవడం బ్రేకులమ్మ చూసింది. ఆ క్షణం కోసం ఆమె చాలా ఏళ్లుగా ఎదురుచూస్తోంది. కానీ ఇప్పుడు ఆనందించే తీరిక లేదు.

"అంటే?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఈ టైర్ల మీద ఈ బండి ఒక్క మలుపు కూడా తిరగలేదు. కొండ మీదికి ముప్పైమూడు టైర్లతో ఎక్కింది, గాలి తీసి, పద్ధతిగా. ఆ తర్వాత ఎవరో దాన్ని పట్టుకున్నారు. ముప్పయ్యైదు బిగించారు, గాలి నిండా కొట్టారు, అంచు నుంచి తిన్నగా తోసేశారు. అన్నదమ్ముల గొడవ విన్నవాడు చేసిన పని ఇది. కానీ కొండెక్కే అలవాటు లేనివాడు. పడిపోయిన బళ్లు చూసి చూసి ఉన్నాడేగానీ, ఎక్కే బండి ఎలా ఎక్కుతుందో చూసినవాడు కాదు."

"అయితే నా తమ్ముడు..." మేస్త్రి ముందుకొచ్చాడు. "అమ్మా, అయితే వాడు ఆ బండిలో..."

"ఉన్నాడనుకోడానికి నాకు ఒక్క కారణం కూడా కనపడట్లేదు."

మేస్త్రి బండికి జారబడ్డాడు.

*

ఇన్‌స్పెక్టరు గడ్డం గోక్కున్నాడు. "ఒక్క మాట. నీ లెక్కంతా రెండంగుళాల లిఫ్టు మీద నడుస్తోంది. స్ప్రింగులు కూడా ఎవరైనా మార్చేసి ఉంటే? ముందు నాలుగంగుళాలవి ఉండి, తర్వాత రెండంగుళాలవి పెట్టి ఉంటే? అవి ఇతనివేనని తేలాలి."

బ్రేకులమ్మకు ముచ్చటేసింది. బావ ఎట్టకేలకు బుర్ర వాడుతున్నాడు. "బాగా అడిగావు. బాబాయ్, బండిని కొంచెం పైకెత్తండి, కింద చూడాలి."

కొక్కెం బాబాయ్ అక్కడే ఉన్నాడు. ఇందాకటినుంచీ అక్కడే ఉన్నాడు. నవ్వు మాత్రం ముఖం మీద లేదు. "ఎందుకు మేడమ్, ఎండ..." అన్నాడు.

"ఎత్తండి."

అతను క్రేనెక్కాడు. తాడు బిగుసుకుంది, బండి మూలుగుతూ నేల వదిలింది. మనిషెత్తుకు వెళ్లి ఆగింది. ఆగినట్టే ఆగి, జానెడు కిందికి జారి మళ్లీ ఆగింది. బ్రేకులమ్మ కనుబొమలు ముడిపడ్డాయి.

"మీ క్రేను బ్రేకు జారుతోంది బాబాయ్. ఇదే నా ఆఫీసయితే గేటు దాటనిచ్చేదాన్ని కాదు."

"రిపేరుకు చూపిస్తానమ్మా," అన్నాడు అతను దిగుతూ.

మేస్త్రి వేలాడుతున్న బండి దగ్గరికి వెళ్లాడు. బేడీల చేతులతోనే నేల మీదున్న స్పానరొకటి తీసుకున్నాడు. స్ప్రింగుల మీద వేలితో తడిమాడు. "నావే. రెండంగుళాలవి. ఈ వెల్డింగు గుర్తు నాదే." తర్వాత, స్ప్రింగు పగిలిందో లేదో ఏ మేస్త్రి అయినా ఎలా చూస్తాడో అలాగే, స్పానరుతో ఒక్కసారి కొట్టి చెవి ఒగ్గాడు.

టంగ్.

ఆ మోత యార్డంతా పాకింది. అదే సమయానికి కంప్రెసర్ ట్యాంకు నిండి, దానంతటదే ఆగింది. యార్డు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

టక్. టక్. టక్.

ఎక్కడో దూరంగా, మట్టి కిందనుంచి వచ్చినట్టు.

మేస్త్రి కదల్లేదు. బ్రేకులమ్మ చెయ్యెత్తి అందర్నీ ఆగమంది.

"కంప్రెసర్ పైపమ్మా," అన్నాడు కొక్కెం బాబాయ్ గబగబా. "గాలి దిగేటప్పుడు అలాగే కొట్టుకుంటుంది. ఇక చాలుగా, ఈ బండిని దారికడ్డం లేకుండా పక్కన పెట్టేస్తా." అంటూనే క్రేనెక్కాడు. ఆ వయసు మనిషి ఎక్కే వేగం కాదది.

మేస్త్రి స్ప్రింగును మళ్లీ ఒక్కసారి కొట్టాడు.

టక్. టక్. టక్.

"వాడే," అన్నాడు. "అమ్మా, అది వాడే. దించకు అంటున్నాడు. కిందే ఉన్నాను అంటున్నాడు."

బ్రేకులమ్మ కళ్లు యార్డంతా పరిగెత్తాయి. శబ్దం వచ్చింది టైర్ల గుట్ట వైపునుంచి. అన్నీ అరిగి బోడిగా మిగిలిన లారీ టైర్లు. కానీ అడుగున, వాటి మధ్య నాలుగు టైర్లు వేరుగా ఉన్నాయి. లోతైన గళ్లు, గళ్ల నిండా కొండ మీది ఎర్రమట్టి. పక్కన ముప్పైమూడని అంకె. ఆ టైర్ల కింద ఇనపరేకు అంచు కనిపిస్తోంది. రేకు కింద, బళ్ల అడుగు భాగం రిపేరు చెయ్యడానికి తవ్వే గుంత. ఏ పాత యార్డులోనైనా ఉండేదే.

లోయలో పడ్డ బళ్లన్నీ ఒక్క మనిషే చూడటం, ఒక్క మనిషే తియ్యడం, వాటికి ఇన్సూరెన్సు వాళ్లు మారుమాటాడకుండా డబ్బులు ఇచ్చేయడం, ఆ మనిషి ఏదో బండిని లోయలోకి తోస్తుండగా తమ్ముడి కెమెరాలో పడి ఉండటం, తమ్ముడు ఆ కెమెరా విప్పి దాచేసి ఉండటం, అది ఎక్కడ దాచాడో చెప్పేదాకా పిల్లవాణ్ని ప్రాణంతో ఉంచడం. అన్నీ ఒక్కసారే వరసకట్టి నిలబడ్డాయి.

"బావా, కొక్కెం బాబాయ్‌ని దింపు. వాడే," అని అరిచింది.

అప్పటికే క్రేను చెయ్యి తిరుగుతోంది. తమ్ముడి బండి గాల్లో ఊగుతూ నెమ్మదిగా, నేరుగా, టైర్ల గుట్ట మీదికి వెళుతోంది. కొక్కెం జారిందంటే ఎవరడుగుతారు? పాత క్రేను, జారే బ్రేకు. ఇంతమంది పోలీసుల సాక్షిగా ఇంకో ప్రమాదం. ప్రమాదాలు తయారుచెయ్యడమే కదా అతనికి చేతనైన పని.

మేస్త్రి పరిగెత్తాడు. గొలుసు పట్టుకున్న కానిస్టేబులు చెయ్యి విదిలించుకుని, స్పానరు నడుముకు దోపుకుని, బేడీలతోనే పరిగెత్తాడు. గుట్ట మీది టైర్లు రెండు చేతులతో పట్టి లాగి విసిరేశాడు. రేకు కొంత బయటపడింది. దాని మీదే చతికిలబడ్డాడు. బండి వచ్చి అతని నెత్తి మీద ఆగింది.

"తప్పుకో మేస్త్రీ," అన్నాడు కొక్కెం బాబాయ్ క్యాబిన్లోంచి. గొంతులో ఇంకా అదే ఆప్యాయత. "నా మాట విను. నీకు పెళ్లాం ఉంది."

"నువ్వు దించుకో," అన్నాడు మేస్త్రి.

ఇన్‌స్పెక్టరు తుపాకీ తీశాడుగానీ కాల్చలేకపోయాడు. మనిషి పడిపోతే మీట మీది చెయ్యి కూడా పడుతుంది. ఆ మాత్రం ఆలోచన అతనికి వచ్చింది. ఈలోగా బ్రేకులమ్మ క్రేను వెనకవైపునుంచి పైకి పాకింది. రవాణా ఆఫీసులో ఎన్ని లారీలెక్కిందో, ఏ బండెక్కినా ముందు ఆమె కాలు వెతికేది ఒక్కదాన్నే. క్యాబిన్ తలుపు లాగి, కొక్కెం బాబాయ్ చొక్కా పట్టి ఒక్క గుంజు గుంజింది. అతను పడుతూ పడుతూ మీటను పట్టి లాగేశాడు. పైన చక్రం గిర్రున తిరిగింది, తాడు వదిలేసింది.

బ్రేకులమ్మ బ్రేకు మీద రెండు కాళ్లతోనూ నిలబడింది.

బండి కిందికి దూకి, మేస్త్రి తల మీద మూరెడు ఎత్తులో గుంజుకుని ఆగింది. మట్టి పెళ్లలు అతని భుజాల మీద రాలాయి. అతను కళ్లు మూసుకోలేదు.

కింద కానిస్టేబుళ్లు కొక్కెం బాబాయ్ మీద పడ్డారు. "భలే పట్టావు మరదలా," అన్నాడు ఇన్‌స్పెక్టరు ఎగశ్వాసతో. ఆమె జవాబు చెప్పలేదు. తన కాళ్ల వైపు చూసుకుంటోంది.

పెడల్ దిగుతోంది. నిండు బరువు వేసి నిలబడినా, వెంట్రుకవాసి వెంట్రుకవాసి చొప్పున ఆమె కాళ్ల కింద కుంగుతోంది. పైన తాడు కిర్రుమంటోంది.

"బావా," అంది మెల్లగా, గట్టిగా మాట్లాడితే పెడల్ ఇంకా జారుతుందేమోనన్నట్టు. "బ్రేకు పోతోంది. ఎక్కువసేపు ఆగదు. దీన్ని వదిలి క్రేను తిప్పలేను. ఆ టైర్లు లాగు, రేకు తియ్యి, పిల్లవాణ్ని బయటికి లాగు. నీకు దణ్ణం పెడతాను, ఈ ఒక్కసారి నా మాటకు అడ్డు చెప్పకు."

ఇన్‌స్పెక్టరు అడ్డు చెప్పలేదు. తుపాకీ నేల మీద పారేసి, వేలాడుతున్న బండి కిందికి వంగి దూరి, మట్టిలో మోకాళ్లూని టైర్లు లాగడం మొదలుపెట్టాడు.

"మేస్త్రీ, మీరు ఇవతలికి వచ్చెయ్యండి," అని అరిచింది బ్రేకులమ్మ. "వాళ్లు తీస్తారు. మీరు వచ్చెయ్యండి."

మేస్త్రి తలెత్తి పైనున్న బండిని చూశాడు. తను స్వయంగా బిగించిన రెండంగుళాల స్ప్రింగులు, వాటికి నప్పని ముప్పయ్యైదు అంగుళాల టైర్లు, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో మెల్లగా దిగుతున్నాయి. కింద రేకు మళ్లీ అదిరింది. టక్, టక్, టక్. ఈసారి గబగబా, భయంగా.

అతను బేడీల చేతులతో స్పానరు ఎత్తి, రేకు మీద ఒక్కసారి కొట్టాడు.

విన్నాను. పైన నేనే ఉన్నాను.